1/48లో ఎక్స్-29: స్క్రాచ్ బిల్డ్‌కి సలహాలు కావాలి

ప్రశ్న: గ్రమ్మన్ ఎక్స్-29 (రెక్కలు ముందుకు వాలిన అమెరికా ప్రయోగ విమానం) నమూనాని 1/48 స్కేలులో, అంటే అసలులో 48వ వంతు సైజులో, స్క్రాచ్ బిల్డ్‌గా (రెడీమేడ్ కిట్ లేకుండా సొంతంగా) ప్లాస్టిక్ షీటుతో కడదామనుకుంటున్నాను. వేరే విమానాల మోడల్ కిట్లలోంచి ఏ భాగాలు పనికొస్తాయి? ముందుకు వాలిన ఆ పల్చటి రెక్క వంగకుండా ఎలా కట్టాలి?

జవాబు 1: ఎక్స్-29లు రెండు కట్టారు, ముందు మీది ఏదో తేల్చుకోండి. 1984 డిసెంబరు 14న ఎగిరింది మొదటిది. 1989లో ఎగిరిన రెండోదానికి తోక మొదట్లో స్పిన్ పారాచూట్ (విమానం గిరగిరా తిరుగుతూ పడిపోతుంటే ఆపే పారాచూట్) అమరిక అదనం.

భాగాల విషయంలో మీకు పని సగం తగ్గుతుంది, ఎందుకంటే అసలు విమానాన్నే అలా కట్టారు. ముందు భాగం, ముక్కు చక్రం ఎఫ్-5ఏ యుద్ధవిమానానివి. మెయిన్ గేర్ (ప్రధాన చక్రాల అమరిక) ఎఫ్-16ది. ఇంజను ఎఫ్404, ఎఫ్/ఏ-18లో ఉండేదీ అదే, కాబట్టి నాజిల్ (ఇంజను వెనక గొట్టం) ఆ కిట్‌లోంచి తీసుకోండి. ఎఫ్-5ఈ కిట్ మాత్రం కొనొద్దు, దాని బాడీ వెడల్పు ఎక్కువ.

డ్రాయింగ్ ప్రింట్ తీశాక స్కేలు పెట్టి కొలవండి. రెక్కల వెడల్పు 8.29 మీటర్లు, అంటే 172.7 మి.మీ. రావాలి. ముక్కు గొట్టం కాకుండా పొడవు 305 మి.మీ. ఏ4 కాగితం 297 మాత్రమే! ‘ఫిట్ టు పేజ్’ ఆన్‌లో ఉంటే బొమ్మ చప్పుడు లేకుండా కుంచించుకుపోతుంది, కిట్ భాగాలు ఫ్రేములకు (బాడీకి ఆకారమిచ్చే లోపలి అడ్డపలకలకు) అతకవు. ఏ3 మీదే తీయండి.

జవాబు 2: రెక్క సంగతి నేను చెప్తాను. రెండు 1 మి.మీ. షీట్లు, మధ్యలో 1.5 మి.మీ. ఇత్తడి కడ్డీకి గాడి. కడ్డీ బాడీకి అడ్డంగా ఒక రెక్క నుంచి రెండో రెక్క దాకా ఒకే ముక్కగా పోవాలి. షీట్లను లిక్విడ్ సిమెంట్‌తో (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురుతో) అతికించకండి. లోపల చిక్కుకున్న సాల్వెంట్ వారాల తరబడి ఆరుతూనే ఉంటుంది, ఆ క్రమంలో రెక్క మెలి తిరుగుతుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పూసి, రెండు గాజు పలకల మధ్య బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి. సానపట్టేటప్పుడు పైనా కిందా మార్చిమార్చి రుద్దాలి.

అసలు విమానానికీ మెలి తిరగడమే పెద్ద గండం. గాలి ఒత్తిడికి రెక్క కొస పైకి మెలి తిరగబోతుంది. దాన్ని ఆపేలా కార్బన్ ఫైబర్ పొరలను ఏటవాలుగా పేర్చారు. ఈ విమానం అందమంతా ఆ రెక్కలోనే ఉంది, అక్కడ తొందరపడకండి.

జవాబు 3: ఫ్రేములు 1 మి.మీ., పైతొడుగు 0.5 మి.మీ. షీటు సరిపోతాయి. తొడుగు ఒక పక్క మొత్తం అతికించి రెండో పక్కకు వెళ్తే బాడీ అరటికాయలా వంగుతుంది. ఎడమ ఒకటి, కుడి ఒకటి వేసుకుంటూ పోవాలి.

ప్యానెల్ లైన్లు (విమానం పైరేకుల అతుకు గీతలు) గీసే చోట పుట్టీ వద్దు, అంచులు రాలిపోతాయి. సూపర్ గ్లూతో నింపి, పూర్తిగా రాయిలా గట్టిపడకముందే, అదే రోజు గీయండి. కానోపీకి (పైలట్ మీది పారదర్శక మూతకి) మాత్రం సూపర్ గ్లూ తాకనివ్వకండి, ఆవిరికి తెల్లబారుతుంది. ఫెవికాల్ చాలు.

మోడల్ తోక మీద కూలబడకుండా ముక్కులో సీసం వేయడం మరవకండి. బాడీ మూసేముందు అన్నీ టేపుతో అంటించి, మెయిన్ చక్రాలు వచ్చే చోట వేలి మీద నిలబెట్టి చూడండి. ముక్కు కిందికి వాలేదాకా వేసి, పెయింట్ బరువుకు మరికొంచెం కలపండి.