‘మాట పడిపోయింది’: అఫేసియాకు సరిపోతుందా?

ఆరోగ్య వ్యాసాల్లో అఫేసియాను, అంటే మెదడు దెబ్బతిని భాష తప్పడాన్ని, ‘మాట పడిపోవడం’ అని రాస్తున్నారు. వాడుక మాటే కదా, ఇదే ఖాయం చేసుకోవచ్చా?

జవాబు 1:
చాలదండీ. గొంతు పోయినా, నాలుక తిరగక మాట ముద్దగా వచ్చినా, మెదడులో భాషే దెబ్బతిన్నా మన జనం అనేది ఆ ఒక్క మాటే. తేడా తెలియాలంటే కాగితం, పెన్ను ఇవ్వండి. చదువొచ్చి, చెయ్యి ఆడుతుంటే నాలుక తిరగనివాళ్ళు రాసి చూపిస్తారు. అఫేసియాలో రాత కూడా తప్పుతుంది. తాళంచెవి చూపించి పేరడగండి. ‘కళ్ళు మూసుకోండి’ అని సైగ లేకుండా నోటితోనే చెప్పి చూడండి. అఫేసియా అయితే పేరు దొరక్కపోవచ్చు, చెప్పింది అందకపోవచ్చు.

జవాబు 2:
నాకు భయమల్లా మాట పడిపోని అఫేసియా గురించే. 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి నోట ‘టాన్’ తప్ప దాదాపు ఇంకేమీ వచ్చేది కాదు. అతనికి మన మాట అతుకుతుంది. 1874లో వెర్నికె అనే జర్మన్ వైద్యుడు వర్ణించిన రకంలో మాట ధారాళంగా వస్తుంది, అర్థమే ఉండదు. ‘తాళంచెవి’ అనబోయి ‘తాలంచి’ అంటారు, మనం చెప్పేది అందుకోలేరు. కాలూ చెయ్యీ బాగానే ఆడుతుంటే పక్షవాతమని ఎవరికీ తట్టదు, ‘సంధి ప్రేలాపన’ (మతి తప్పిన పలవరింత) అనుకుని ఊరుకుంటారు. సంధిలో ధ్యాస నిలవదు, పూటకోలా ఉంటుంది. ఇక్కడ మనిషి మెలకువగా మన ముఖంలోకే చూస్తుంటాడు, తప్పేది మాటొక్కటే.

జవాబు 3:
క్రియ కూడా చూడాలండీ. ‘పడిపోయింది’ అనేది ఉన్నట్టుండి జరిగేదానికి నప్పుతుంది: మెదడు ఎడమవైపు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడటం, నాళం చిట్లడం, తలకు దెబ్బ. కణితి అయితే వారాల తరబడి, మెదడు క్షీణించే జబ్బయితే ఏళ్ళమీద మెల్లగా ‘మాట జారిపోతుంది’. జ్వరంతో పాటు మాట తప్పితే మెదడువాపు అనుమానించాలి. షుగర్ బాగా తగ్గినా ఇలాగే కనిపిస్తుంది, వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో వెంటనే చూడాలి.

‘పొద్దున లేచేసరికి మాట పడిపోయింది’ అని డాక్టరుకు చెబితే సరిపోదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలు గడువు 4.5 గంటలు. ఆ లెక్క మనం గమనించిన వేళనుంచి కాదు, చివరిసారి బాగా మాట్లాడిన వేళనుంచి. రాత్రి ఎన్నింటికో చెప్పండి. గడువు దాటిందనుకుని ఆగిపోకండి, కొందరికి 24 గంటల దాకా రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి గడ్డ లాగే వీలుంది. స్కాన్ తీసేదాకా ఆస్పిరిన్ వద్దు, నాళం చిట్లి ఉంటే కీడు. నోట్లో నీళ్ళూ పొయ్యొద్దు, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

జవాబు 4:
అయితే ‘అఫేసియా’ అనే రాసి, మొదటిసారి పక్కన ‘మెదడు దెబ్బతో భాష తప్పడం’ అని విప్పుదాం. ఇంకొకటీ చేర్చండి: ఒక్క వాక్యం కట్టలేనివాళ్ళు కూడా అంకెలు, వారాల పేర్లు, కంఠతా వచ్చిన పద్యం గడగడా చెప్పగలరు. అది చూసి ‘నటిస్తున్నాడు’ అనేవాళ్ళున్నారు. వల్లె వేసింది రావడం వేరు, తలచిన మాట దొరకడం వేరు.