"వాక్కు ప్రత్యక్షమై": చెవికి రావలసింది కంటికెందుకు వచ్చింది?

గ్రూపులో అందరికీ వందనాలు. మేముండేది చెన్నైలో, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. పోయిన ఆదివారం సండే స్కూల్లో మా పాపకి కంఠత వాక్యం ఇచ్చారు, యిర్మీయా 1:4, "యెహోవా వాక్కు నాకు ప్రత్యక్షమై యీలాగు సెలవిచ్చెను". పాపకి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు, బళ్లో తమిళమే కదా, అందుకని తెలుగు వాక్యాన్ని తమిళ అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుని బట్టీ పడుతుంది. మొదటి గొడవ "సెలవిచ్చెను" దగ్గరే వచ్చింది. తమిళంలో సెలవు అంటే ఖర్చు, తెలుగులో స్కూలుకిచ్చే సెలవు. ఇంతకీ దేవుడు యిర్మీయాకి ఖర్చులకి డబ్బులిచ్చాడా, లీవిచ్చాడా అని అడిగింది. సెలవిచ్చుట అంటే పెద్దవాళ్లు మాట చెప్పడం అని ఏదో నచ్చజెప్పాను.

రెండో ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు. "వాక్కు అంటే మాట కదా నాన్నా, మాట ఎలా ప్రత్యక్షమవుతుంది?" దానికి తెలిసిన ప్రత్యక్షం సినిమాల్లోది, పొగ లేస్తుంది, దేవుడు చెయ్యెత్తి నిలబడతాడు, వరం కోరుకో అంటాడు. అంటే కంటికి కనబడాలి. మరి మాట వినబడాలి కదా?

ఆ రాత్రి మా నాన్నగారి పాత బైబిలు తీశాను (అట్ట ఊడిపోతే క్యాలెండరు కాగితం అతికించి ఉంటుంది). వెతికేకొద్దీ ఇదే. యెహెజ్కేలులో పేజీ పేజీకీ "యెహోవా వాక్కు నాకు ప్రత్యక్షమై". 1 సమూయేలు 3:1 అయితే మరీను, "ఆ దినములలో యెహోవా వాక్కు ప్రత్యక్షమగుట అరుదు". పైగా ఆ అధ్యాయం కథంతా చీకట్లో జరిగేదే, కుర్రాడు సమూయేలు పడుకుని ఉంటాడు, పిలుపు వినిపిస్తుంది, యాజకుడు ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తుతాడు, అలా మూడుసార్లు. మొత్తం చెవి కథ. దాని మీద కంటి మాట వేశారు.

నా ప్రశ్న ఏమిటంటే, అనువాదం చేసినవాళ్లు తెలిసే ఈ మాట పెట్టారా, లేక దేవుడనగానే ప్రత్యక్షం అలవాటుగా వచ్చి పడిందా?

*

తర్కం మాస్టారు: బాబూ, నేను క్రైస్తవుణ్ణి కాను, సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి, మాట గురించి మాత్రం చెబుతాను. ప్రతి + అక్ష. అక్ష అంటే కన్నే కాదు, ఇంద్రియం కూడా. తర్కశాస్త్రానికి మూలమైన న్యాయసూత్రాల్లో గౌతముడు ప్రత్యక్షాన్ని "ఇంద్రియార్థసన్నికర్షోత్పన్నం జ్ఞానం" అంటాడు, ఇంద్రియానికి విషయం తగిలితే పుట్టే జ్ఞానం అని. చెవి కూడా ఇంద్రియమే. మల్లెపూల వాసన తెలియడం ప్రత్యక్షమే, పక్కింట్లో కుక్కరు విజిలు వినబడడం ప్రత్యక్షమే. కాబట్టి శాస్త్రం ప్రకారం వాక్కు ప్రత్యక్షం కావడంలో తప్పేమీ లేదు. సినిమాలు ఆ మాటను కంటికి కట్టేశాయి, పాప తప్పు కాదు.

అయితే నాకు వేరే అనుమానం ఉంది (తెలుగు అర్థంలో అనుమానం, తర్కంలోది కాదు). అదే గౌతముడు శబ్దాన్ని వేరే ప్రమాణంగా, అంటే తెలుసుకునే వేరే దారిగా పెట్టాడు, "ఆప్తోపదేశః శబ్దః", నమ్మదగినవాడు చెప్పిన మాట అని. యిర్మీయాకి దేవుడి మాట ప్రత్యక్షమే కావచ్చు, మీకూ నాకూ మాత్రం అది యిర్మీయా చెప్పిన మాట, అంటే శబ్దం. మీ పండితులు రెంటినీ కలిపి "ప్రత్యక్షత" (ఇంగ్లీషులో రెవలేషన్) అనే ఒక్క సంచిలో వేసేశారేమో చూడండి.

హీబ్రూ తమ్ముడు: వందనాలు అన్నా, మాస్టారూ. నేను ఇక్కడే సెమినరీలో రెండో సంవత్సరం. మూలంలో అసలు కన్నూ లేదు, చెవీ లేదు. హీబ్రూ వాక్యం "యెహోవా వాక్కు నాకు అయ్యెను" అన్నట్టు ఉంటుంది, ఉండు, అగు అనే క్రియ అది. జరిగింది, కలిగింది, నా మీదికి వచ్చింది అని చెప్పుకోవాలి. దీనికి దగ్గరగా వచ్చింది మన పక్కనున్న తమిళం బైబిలే. "కర్త్తరుడైయ వార్త్తై ఎనక్కు ఉండాయిట్రు". ఉండు, అగు, రెండూ అందులోనే ఉన్నాయి చూడండి. తెలుగులో "యెహోవా వాక్కు నాకు కలిగి" అని పెట్టి ఉంటే సరిపోయేది, అయితే చదవడానికి ఎలాగో ఉంటుంది, పిల్లాడు కలిగినట్టు.

ఇంకో తమాషా. సామెతలు 29:18 తీయండి, "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు". ఇక్కడ హీబ్రూ మాట హాజోన్, అంటే దర్శనం. కంటి మాట. దాన్నేమో "ఉక్తి" చేశారు, చెవి మాట! అంటే వినేదాన్ని చూసేదిగా, చూసేదాన్ని వినేదిగా, రెండువైపులా మార్చారు. అలవాటుగా వచ్చి పడిందంటే నేను ఒప్పుకోను అన్నా, కూర్చుని ఆలోచించి చేసిన పనిలాగే ఉంది.

పెరంబూరు అక్క: మీరంతా ప్రత్యక్షం దగ్గరే ఆగారు, అసలు చివరి పుస్తకం పేరు సంగతి తేల్చండి ముందు. మీ బైబిల్లో "ప్రకటన గ్రంథము". మేము కాథలిక్కులం, మాకు పూజలో "దర్శన గ్రంథము" అని చదువుతారు. ఆ పుస్తకం తెరిస్తే మీ దాంట్లో మొదటి వచనంలోనే "దేవుడాయనకు అనుగ్రహించిన ప్రత్యక్షత" అని ఉంటుంది. పేరు ఒకటి, మొదటి వాక్యం ఒకటి! గ్రీకులో రెండుచోట్లా అపొకాలిప్సిస్ అనే ఒకే మాట కదా. మా ఆడపడుచు కొడుకు చిన్నప్పుడు ప్రకటనలంటే టీవీలో వచ్చే సబ్బుల యాడ్సే అనుకునేవాడు.

హీబ్రూ తమ్ముడు: అవునక్కా. అపొకాలిప్సిస్ అంటే మూత తీయడం, కప్పినదాన్ని విప్పడం. లాటిన్ రెవెలాషియో కూడా అంతే, తెర తీయడం. "ప్రకటన" అంటే టముకు వేసి చెప్పడం, దానిలో మూతా లేదు తెరా లేదు.

*

మొదటి పోస్టు పెట్టిన నేనే: అక్కా, మీరన్నాక తట్టింది. దీనికి సరైన తెలుగు మాట బైబిల్లోనే ఉంది, మనం పుస్తకం పేరుకి వాడుకోలేదు, అంతే. "బయలుపరచు". మత్తయి 11:25 లో యేసు తండ్రితో అంటాడు, జ్ఞానులకు మరుగుచేసి "పసిబాలురకు బయలుపరచినావని నిన్ను స్తుతించుచున్నాను". పేతురుతోనూ అదే మాట, "నరులు నీకు బయలు పరచలేదు". బయలు అంటే ఏమిటి, అడ్డం లేని చోటు. ఆరుబయట పడుకుంటాం, గుట్టు బట్టబయలవుతుంది, పొద్దున్నే బయలుదేరతాం. ఎంత సొంత మాట! తమిళంలో ఆ పుస్తకం పేరు "వెళిప్పడుత్తిన విశేషం", వెళి అన్నా బయలే. జర్మన్‌లో ఆఫెన్‌బారుంగ్ అంటారట, ఆఫెన్ అంటే తెరిచి ఉన్నది. అందరూ తలుపు తీశారు, మనం ఒక్కళ్లం టముకు వేశాం.

"బయలుపరచు"లో నాకు నచ్చేది ఇంకోటి ఉంది. దాచినవాడే తీస్తాడు. సినిమా ప్రత్యక్షంలో మనిషి ఒంటికాలి మీద తపస్సు చేస్తాడు, అప్పుడు దేవుడు రాక తప్పదు. బైబిల్లో అలా అడిగి తెచ్చుకున్నవాళ్లు తక్కువ. మోషే మామగారి గొర్రెలు కాసుకుంటున్నాడు. సమూయేలు నిద్రపోతున్నాడు. సౌలు దమస్కుకి పోతున్నది శిష్యుల్ని పట్టుకుని కట్టి తేవడానికి! వాళ్ల తయారీ ఏమీ లేదు. క్రైస్తవ వేదాంతంలో దీని మీదే అంత పట్టు, మనిషి తవ్వి తీసింది కాదు, దేవుడు విప్పి చూపింది అని. "ప్రత్యక్షం" అనగానే తెలుగువాడికి తపస్సు గుర్తొస్తుంది, "బయలు" అంటే రాదు. అందుకే నా ఓటు బయలుకే.

తర్కం మాస్టారు: బయలు బాగుంది, ఒప్పుకుంటాను. ఆకాశం, నక్షత్రాలు చూసి దేవుడున్నాడని తెలుసుకోవచ్చని మీవాళ్లు అంటారు కదా, అదేమవుతుంది? అది ప్రత్యక్షం కాదు, పొగ చూసి నిప్పు ఉందనుకోవడం. తర్కంలో దాన్ని అనుమానం అంటాం.

హీబ్రూ తమ్ముడు: కరెక్టు మాస్టారూ, రోమా 1:20 అచ్చంగా అదే. ఆయన "అదృశ్యలక్షణములు" సృష్టింపబడిన వస్తువులను "ఆలోచించుటవలన తేటపడుచున్నవి". ఆలోచించుటవలన అని స్పష్టంగా ఉంది. క్లాసులో మాకు దీన్ని సాధారణ ప్రత్యక్షత అంటారు, లేఖనాల్లోనూ క్రీస్తులోనూ దొరికేదాన్ని ప్రత్యేక ప్రత్యక్షత అంటారు. (పరీక్షలో పదిసార్లు రాస్తే చెయ్యి పడిపోతుంది. ప్రత్యేక ప్రత్యక్షత!) ఈ మొదటిదాని విలువెంత అన్నదాని మీద పెద్ద గొడవలే అయ్యాయి. 1934లో ఎమిల్ బ్రున్నర్ అనే వేదాంత పండితుడు దానికి కొంత చోటిద్దామంటే ఇంకో పండితుడు కార్ల్ బార్త్ ఒక చిన్న పుస్తకం రాశాడు, దాని పేరే "నైన్!", జర్మన్‌లో "కాదు!" అని. ఆయన లెక్కలో దేవుడి ప్రత్యక్షత అంటే యేసుక్రీస్తు, అంతే. ఇక ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ పోలిక మీకు నచ్చుతుంది. చూపు మందగించిన ముసలాయన ముందు ఎంత మంచి పుస్తకం పెట్టినా అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి, లేఖనం ఆయనకి కళ్లజోడు లాంటిదట, అది పెట్టుకుని చూస్తే సృష్టి కూడా చదవడానికి వస్తుందట.

పెరంబూరు అక్క: మా దగ్గర లెక్క కొంచెం వేరు తమ్ముడూ. లేఖనమొక్కటే కాదు, అపొస్తలుల దగ్గర్నుంచి వచ్చిన పారంపర్యం కూడా కలిపే ఒక నిధి అంటారు. రెండో వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న ఇచ్చిన పత్రం పేరే లాటిన్‌లో "దేయి వెర్బుమ్", దేవుని వాక్కు. అందులో ఒక మాట మా ఫాదర్ ఎప్పుడూ చెబుతారు, దేవుడు మనుషులతో స్నేహితులతో మాట్లాడినట్టు మాట్లాడతాడు అని. నా మటుకు నాకు ప్రత్యక్షత, ప్రకటన అన్నీ పెద్ద పెద్ద మాటలు. హెబ్రీయులకు 1:1లో సింపుల్‌గా ఉంది కదా, ప్రవక్తల ద్వారా మన పితరులతో "మాటలాడిన దేవుడు" అని. మాటలాడాడు. చాలదా?

*

మొదటి పోస్టు పెట్టిన నేనే: అక్కా, చాలు. అయితే ఇంకో మాట నన్ను చాలా ఏళ్లుగా గుచ్చుతోంది, ఇక్కడే కక్కేస్తాను. 2 తిమోతి 3:16, "దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము". ఆవేశం! ఊళ్లో జాతరలో పూనకం వచ్చినవాళ్లకి ఉండేది ఆవేశం, ట్రాఫిక్‌లో ఆటో అడ్డమొస్తే మా బావగారికి వచ్చేది ఆవేశం. గ్రీకులో ఉన్నది దేవుడు ఊదినది, దేవుడి ఊపిరి అనే అర్థమట. ఊపిరి అంటే ఎంత నిదానం. లూకాని చూడండి, అన్నిటినీ "మొదటనుండి తరచి పరిష్కారముగా తెలిసికొని" వరసగా రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకుంటాడు, పదిమందిని అడిగి కాగితం మీద పెట్టిన మనిషి. అది పూనకమా? 2 పేతురు 1:21లో "ప్రేరేపింపబడినవారై" అని మంచి మాట పెట్టినవాళ్లు ఇక్కడ ఆవేశం ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు.

తర్కం మాస్టారు: ఆవేశం అంటే సంస్కృతంలో లోపలికి ప్రవేశించడం బాబూ, కోపం తరవాత వచ్చి చేరిన అర్థం. వాళ్లు రాసిన కాలానికి తప్పు కాకపోవచ్చు. ఇప్పుడు మాత్రం మీ బావగారే గుర్తొస్తారు, నిజమే.

హీబ్రూ తమ్ముడు: అన్నా, మనవాళ్లని మరీ తిట్టకండి. విశాఖపట్నంలో దె గ్రాంజ్ అనే మిషనరీ దొరా, ఆయనకి తోడున్న ఆనందరాయరూ కలిసి పనిచేస్తే 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇలాంటి ప్రతి మాటకీ వాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవాలి కదా, అప్పటికే వెయ్యేళ్ల వాడుక ఉన్న మాటల్లోంచి. ఏ మాట తీసుకున్నా దాని చుట్టాలు కూడా వెంట వస్తారు.

మీ పాప ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబుంది. ప్రకటన 1:12 చదివించండి, "నాతో మాటలాడుచున్న స్వరమేమిటో అని చూడ తిరిగితిని". యోహాను స్వరాన్ని చూడడానికి తిరిగాడు! గ్రీకులోనూ అంతే. నిర్గమ 20:18లో హీబ్రూ వాక్యం కూడా జనం స్వరాలను "చూశారు" అనే అంటుంది. అంటే మాట కనబడడం మనవాళ్లు కొత్తగా తెచ్చిపెట్టింది కాదు, మూలంలోనే ఆ కలగాపులగం ఉంది.

పెరంబూరు అక్క: తెలుగువాళ్లకి అందులో వింతేముంది! మనం కూర ఉప్పు చూస్తాం, వాసన చూస్తాం, జ్వరం ఉందేమో ఒళ్లు పట్టుకు చూస్తాం, ఒకసారి అడిగి చూస్తాం. దావీదు కూడా "రుచి చూచి తెలిసికొనుడి" అన్నాడుగా.

మొదటి పోస్టు పెట్టిన నేనే: అక్కా, ఇది అదిరింది. వెంటనే 1 యోహాను మొదటి అధ్యాయం తీశాను. "మేమేది వింటిమో, కన్నులార ఏది చూచితిమో... మా చేతులు దేనిని తాకి చూచెనో". తాకి చూచెనో! చేతులు చూస్తున్నాయి. అదీ దేన్ని? "జీవవాక్యమును". రెండో వచనంలో "ఆ జీవము ప్రత్యక్షమాయెను". ఇక్కడ ప్రత్యక్షం నూటికి నూరుపాళ్లు సరిపోయింది, మాస్టారు చెప్పిన అక్ష అన్నీ వచ్చేశాయి, చెవి, కన్ను, చెయ్యి. కాబట్టి నా మాట కొంచెం సవరించుకుంటాను, యేసు గురించైతే ప్రత్యక్షం ఉంచుకోండి, యిర్మీయా దగ్గర మాత్రం నాకింకా మింగుడు పడదు. మా ఇంటి దగ్గర కొండ ఎవరి పేరు మీద ఉందో తెలుసు కదా, తాకితేగాని నమ్మనన్న తోమా. ఆయనకి ప్రత్యక్షం దొరికింది. "చూడక నమ్మినవారు ధన్యులు" అన్నది మనకి, అంటే మాస్టారి లెక్కలో మనది శబ్దప్రమాణం.

పాపకి చెప్పాను ఇదంతా, ఉప్పు చూడడం దగ్గర్నుంచి మొదలుపెట్టి. అంతా విని "అయితే టీచర్ అడిగితే ప్రత్యక్షమై అనే చెప్పాలి కదా" అంది. అనే చెప్పు, మార్కులు పోతాయి అన్నాను.

తర్కం మాస్టారు: బాగుంది. ఇంతకీ ఆ సామెతలో "కట్టులేక తిరుగుదురు" అన్న కట్టు ఏమిటి? కట్టుబాటా, పశువుని కట్టే కట్టా?

హీబ్రూ తమ్ముడు: మాస్టారూ, అది వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే పోతుంది. హీబ్రూలో అక్కడున్న క్రియ తల విరబోసుకోవడానికి కూడా వాడతారు, చాలా కథ ఉంది.