కైనేజ్‌ని ఆపేస్తే మిగతా ఒళ్ళు ఎలా నడుస్తుంది?

కామర్స్_కుర్రాడు: మా నాన్నకి సీఎంఎల్, అదే బ్లడ్ క్యాన్సర్‌లో ఒక రకం. రెండేళ్లుగా రోజూ ఇమాటినిబ్ 400 మి.గ్రా. వేసుకుంటున్నారు, రిపోర్టులు బాగానే వస్తున్నాయి. "ఇది టైరోసిన్ కైనేజ్‌ని ఆపుతుంది" అని డాక్టరు గారు ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంటుని పిలిచేశారు. చూస్తే మనిషి ఒంట్లో కైనేజులు ఐదు వందల పైనే ఉన్నాయట, అవి లేకపోతే కణాలకి కబురే అందదట. మరి వాటిని రోజూ ఆపేస్తుంటే ఎలా?

ల్యాబ్_పిల్లి: కైనేజ్ అనే ఎంజైము పని ఒక్కటే, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) దగ్గర ఫాస్ఫేట్ ఊడబీకి ఇంకో ప్రొటీన్‌కి తగిలించడం. ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలిస్తే దాన్ని టైరోసిన్ కైనేజ్ అంటారు. అది తగలగానే ఆ ప్రొటీన్ ఆకారం మారి పనిలోకి దిగుతుంది, కొన్నయితే పని మానేస్తాయి. కుక్క వెంటపడిందనుకోండి, అడ్రినలిన్ వచ్చి కణం తలుపు కొడుతుంది, లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగి పీకేఏ అనే కైనేజ్ లేస్తుంది, అది ఇంకో కైనేజ్‌ని లేపితే, అదెళ్ళి గ్లైకోజెన్‌ని, అంటే ఒంట్లో దాచుకున్న చక్కెరని, విరగ్గొట్టే ఎంజైముని లేపుతుంది. పరిగెత్తడానికి ఇంధనం రెడీ! తర్వాత ఫాస్ఫటేజులు అనే ఇంకో రకం ఎంజైములు వచ్చి ఆ ఫాస్ఫేట్లు పీకేస్తాయి. ఈ తగిలించడం, పీకడం బయటపెట్టినందుకే ఫిషర్, క్రెబ్స్‌లకి 1992లో నోబెల్ (క్రెబ్స్ సైకిల్ క్రెబ్స్ వేరే ఆయన, నేనూ చాలాకాలం ఒకరే అనుకున్నా).

రాత్రి_డ్యూటీ: అసలు ప్రశ్నకి వద్దాం. సీఎంఎల్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్, ఏబీఎల్ జన్యువులు అతుక్కుపోతాయి. మామూలు ఏబీఎల్ కైనేజ్ పిలిస్తేనే లేస్తుంది, ఈ అతుకుల ఏబీఎల్‌కి నిద్ర నిలవదు, కాసేపు ముడుచుకున్నా మళ్ళీ లేచిపోయి, ఎవరూ అడక్కపోయినా కణాలని పెరగమంటూనే ఉంటుంది. ఇమాటినిబ్ వెళ్ళి ఏటీపీ కూర్చోవాల్సిన గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట అన్ని కైనేజులకీ ఉంటుంది కానీ, పని చేయనప్పుడు ఏబీఎల్ ముడుచుకునే తీరు చాలావాటికి రాదు, మందు పట్టుకునేది ఆ ముడుచుకున్న ఆకారాన్నే. అందుకే మిగతావి చాలావరకు తప్పించుకుంటాయి. కిట్, పీడీజీఎఫ్ఆర్ లాంటి కొన్ని మాత్రం దొరికిపోతాయి. ఇంకోటి, బాగుంది కదా అని సొంతంగా మాత్ర మానేయనివ్వకండి. మాత్ర వేసుకుంటున్నా, ఏబీఎల్‌లో 315వ చోట త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనే ఇంకోటి వస్తే ఈ మందు పట్టదు, అప్పుడు వేరే మాత్ర కావాలి. ఆ అతుకుల జన్యువు రక్తంలో ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించేది మందు పనిచేస్తోందో లేదో కనిపెట్టడానికే.

భీమవరం_బుల్లోడు: సందర్భం వచ్చింది కాబట్టి, ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్ళలో మా ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు.

కామర్స్_కుర్రాడు: థాంక్స్ అండీ. నాన్నకి పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు ఉంటోంది, రాత్రి టీవీ చూసి అనుకుని రోజూ తిడుతున్నా. మందు వల్లేనా?

రాత్రి_డ్యూటీ: ఈ మాత్రకి అది చాలామందిలో కనిపించేదే. డాక్టరుకి చెప్పండి, టీవీ చూడనివ్వండి.