రొమ్ము కణితి ఉన్న కుక్కకు కిడ్నీ సమస్య కూడా తేలితే ఆపరేషన్ చేయించవచ్చా?

ప్రశ్న (విజయవాడ నుంచి):

మా పామెరేనియన్‌కు 11 ఏళ్లు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ దానికి చేయించలేదు. ఆరు నెలల క్రితం వెనక చన్ను కింద బఠాణీ గింజంత తగిలిన గడ్డ ఇప్పుడు 4 సెంటీమీటర్లు అయింది. నొప్పికి రాసిచ్చిన మెలాక్సికామ్ సిరప్ పది రోజులు పోసిన తర్వాత అది తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, గిన్నెల కొద్దీ నీళ్లు తాగుతోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం, అవి సరిగా పనిచేయకపోతే పెరుగుతుంది) 2.6 వచ్చింది. ఒక డాక్టరు గారు మత్తు తట్టుకోలేదు, గడ్డను వదిలేయమన్నారు. ఇంకొకరు కాన్సర్ వల్లే కిడ్నీలు పాడయ్యాయి, వెంటనే తీసేయాలన్నారు. ఎవరి మాట వినాలో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు (పశువైద్యుడు, హైదరాబాద్):

అమ్మా, అన్నిటికంటే ముందు మెలాక్సికామ్ ఆపండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసే పదార్థాలనే ఆ మందు అణచివేస్తుంది కాబట్టి, వాంతులవుతున్న కుక్కకు అది ప్రమాదకరం.

కిడ్నీ జబ్బు దశల పట్టికలో 1.4 నుంచి 2.8 వరకు క్రియాటినిన్ రెండవ దశ కిందికి వస్తుంది. కానీ ఆ పట్టిక ఒంట్లో నీరు సరిపడా ఉండి, పరిస్థితి నిలకడగా ఉన్న కుక్కకే వర్తిస్తుంది. మీ కుక్క విషయంలో ఈ ఒక్క అంకెను బట్టి ఆపరేషన్ వద్దని గానీ, కాన్సరే కారణమని గానీ తేల్చలేము. సెలైన్ ఎక్కించకముందే మూత్రం తీసి సాంద్రత చూడాలి. 1.030 దాటితే కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచగలుగుతున్నాయని అర్థం; 1.008 నుంచి 1.012 మధ్యే ఉంటే ఆ శక్తి తగ్గిందని అనుమానించాలి. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటితే కిడ్నీ వడపోతలోనే లోపం ఉండవచ్చు. రక్తంలో కాల్షియం కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని కాన్సర్లు కాల్షియాన్ని పెంచి కిడ్నీలను దెబ్బతీస్తాయి. రొమ్ము కణితుల్లో అది అరుదు. ఈ వయసులో రెండు జబ్బులూ వేర్వేరుగా రావడమే ఎక్కువ.

ఒక ప్రశ్న: అది ఎదకు వచ్చి ఎన్నాళ్లయింది? ఆపరేషన్ కాని ఆడకుక్క ఎద తర్వాత ఒకటి రెండు నెలలకు అతిగా నీళ్లు తాగుతుంటే, గర్భసంచిలో చీము పట్టిందేమో స్కానింగ్‌లో తప్పక చూడాలి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):

మా లాబ్రడార్‌కు కూడా ఇలాగే రొమ్ము గడ్డతో పాటు మూత్రంలో ప్రోటీన్ పోతుంటే మేమూ కాన్సరే అనుకున్నాము. పరీక్ష చేయిస్తే గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా అనే జబ్బు బయటపడింది. 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడాక ప్రోటీన్ తగ్గింది, ఆ తర్వాతే గడ్డ తీయించాము. గోమార్లు పట్టే మన ఊళ్లలో ఈ పరీక్ష మానవద్దు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. కిడ్నీకి మాంసం పడదని ఎవరో అంటే విని మూడు నెలలు పెరుగన్నమే పెట్టాను. దాని కండ కరిగిపోయింది. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా ఉన్నదాని కంటే తక్కువగా కనిపిస్తుందని తర్వాత తెలిసింది. ప్రసాదంలోని కిస్మిస్, ద్రాక్ష మాత్రం ఒక్కటి కూడా పెట్టకండి, అవి కుక్కల కిడ్నీలకు విషం.

ప్రశ్న అడిగినవారు:

మీరు అడిగినట్టే ఎదకు వచ్చి ఆరు వారాలైంది, స్కానింగ్‌లో గర్భసంచి ఉబ్బి ద్రవంతో నిండి ఉంది. మూడు రోజులు సెలైన్ పెట్టాక క్రియాటినిన్ 1.7కు దిగింది, ప్రోటీన్ నిష్పత్తి 0.3. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. రెండు ఆపరేషన్లూ ఒకేసారి చేయవచ్చా?

జవాబు (పశువైద్యుడు, హైదరాబాద్):

గర్భసంచి ఆపరేషన్ ఇక ఆగకూడదు, చీము ఉన్నంతకాలం దాని విషాలు కిడ్నీలను ఇబ్బంది పెడుతూనే ఉంటాయి. ముందు గర్భసంచి, అండాశయాలు తీసి, అప్పటికి రక్తపోటు నిలకడగా ఉంటేనే గడ్డ జోలికి వెళ్లమనండి. లేకపోతే కోలుకున్నాక రెండు మూడు వారాలకు తీయవచ్చు. కుక్కల రొమ్ము కణితుల్లో దాదాపు సగం ప్రాణాంతకం కానివే అయినా, 3 సెంటీమీటర్లు దాటినవాటిపై అనుమానం ఎక్కువ, కాబట్టి తీసిన గడ్డను తప్పక బయాప్సీకి పంపించండి. కీమో అవసరమైతే సిస్‌ప్లాటిన్ అనే మందు వద్దు, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. దాని బదులు వాడే కార్బోప్లాటిన్ కూడా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కనుక, అప్పటి క్రియాటినిన్ చూసే మోతాదు నిర్ణయించాలి. మత్తు ఉన్నంతసేపూ, మరుసటి రోజూ సెలైన్ నడవాలి. నొప్పికి మెలాక్సికామ్ బదులు బుప్రెనార్ఫిన్ లాంటి మందు అడగండి. రెండు వారాలకు క్రియాటినిన్, మూత్రం మళ్లీ చూపించి ఆ రిపోర్టు ఇక్కడ పెట్టండి.