ఇంగ్లండ్ పల్లెల్లో ఉండే పాత ఇన్‌లు మన సత్రాల్లాంటివేనా?

ప్రశ్న (కడప): మా అల్లుడు ఇంగ్లండ్ నుంచి ఒక పాత ఇన్ (బాటసారులు దిగే ఇల్లు) ఫోటో పంపించినాడు. బయట తెల్ల జింక బొమ్మ బోర్డు, తలుపు మీద ఒకాయన పేరు. నడిపేవాణ్ని ల్యాండ్‌లార్డ్ అంటారంట. అంటే భూస్వామా ఏంది?

జవాబు (అనంతపురం): భూస్వామి కాదన్నా. చాలాచోట్ల బిల్డింగు బీరు కంపెనీదో జమీందారుదో అయి ఉంటుంది, ఈయన బాడుగ కట్టి నడుపుకుంటాడు, పేరు మాత్రం ల్యాండ్‌లార్డ్! తలుపు మీద పేరు లైసెన్సు ఎవరిదో తెలియడానికి పెట్టేవాళ్లు. 1552 చట్టంతో బీరు అమ్మే ఇళ్లకు అక్కడి మేజిస్ట్రేట్ల లైసెన్సు తప్పనిసరి అయింది, అందుకే పాత రికార్డులు మిగిలిన చోట ఎవరి తర్వాత ఎవరు నడిపినారో వరసగా దొరుకుతుంది. సత్రంతో పోల్చొద్దు. మన సత్రం ధర్మానికి పెట్టింది, ఇన్‌లో అయితే పడకకూ తిండికీ చివరికి గుర్రం గడ్డికీ లెక్క కట్టి వసూలు చేసేవాళ్లు.

జవాబు (కర్నూలు): తెల్ల జింక రెండో రిచర్డ్ రాజు గుర్తు. చదువు రాని బాటసారికి బొమ్మే అడ్రస్. 1784లో టపా గుర్రబ్బండ్లు మొదలయ్యాక రోడ్డు పక్క ఇన్‌లకు గిరాకీ బాగా పెరిగింది, గుర్రాలు మార్చేదీ ప్రయాణికులు తినేదీ అక్కడే కదా. 1830, 40లలో రైళ్లొచ్చి ఆ బండ్లను మింగేసినాయి. బైపాస్ పడినాక మా ఊరి పాత రోడ్డు హోటళ్లకు పట్టిన గతే!

ప్రశ్న వేసినాయన: అయితే ఆ తలుపు మీద పేరున్నాయన కూడా బాడుగదారుడేనేమో, మా అల్లుణ్ని లోపలికి పోయి అడగమంటా.