తెల్ల పమేరియన్, తెల్ల దుప్పటి: ఫోటో కుదరడం లేదు

క్లాక్‌టవర్_అనంత: పొద్దున్నుంచి తీస్తానే ఉన్నా, ఒక్కటీ సరిగా రాలేదన్నా. తెల్ల పమేరియన్, వెనక తెల్ల దుప్పటి. మామూలుగా తీస్తే కుక్కా దుప్పటీ మాసిపోయినట్టు బూడిదగా వస్తాండాయి. వెలుతురు పెంచితే రెండు కళ్ళు, ముక్కు తప్ప ఏమీ మిగలడం లేదు. ఎట్ల తీయాల?

బురుజు_కర్నూలు: ఫోనా, కెమెరానా? వెలుతురు ఎటునుంచి?

పెన్నగట్టు: ఏదైనా ఒకటే. ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) ప్లస్ 1. అంతే.

బురుజు_కర్నూలు: దాంతో సగం పనే అవుతుంది. లోపల వెలుతురు కొలిచే మీటరు ఎదురుగా ఏమున్నా నడిమి బూడిద రంగుగా లెక్కేసుకుంటుంది, అందుకే తెలుపు మాస్తుంది. ప్లస్ 1తో ఆ మాపు పోతుంది, అంచు మాత్రం రాదు. దుప్పటికి తగిలి తిరిగొచ్చే వెలుతురు బొచ్చు అంచును తినేస్తుంది. కుక్కను దుప్పటికి ఐదారు అడుగులు ముందుకు జరుపు. కిటికీ పక్కనుండాల, ఎదురుగా కాదు. అప్పుడే బొచ్చు పాయపాయకూ సన్నగా నీడ పడుతుంది. రెండు నల్ల చార్టులు కుక్కకు అటూఇటూ, కొంచెం వెనగ్గా, ఫ్రేములో పడకుండా నిలబెట్టు. వాటి నలుపు బొచ్చు అంచున ముదురు గీతగా దిగుతుంది. దుప్పటికి వేరే లైటు పెట్టు. కుక్క కన్నా ఒక స్టాప్, అంటే రెట్టింపు, వెలుగ్గా ఉంటే చాలు, రెండు స్టాప్‌లు దాటితే అంచు మళ్ళీ పోతుంది.

మిద్దెతోట_కడప: ఫోటో సంగతి తర్వాత. వెలుతురు కోసమని మధ్యాహ్నం మిద్దె మీదికి తీసుకుపోవద్దు. అరచేతి వెనకభాగం 5 సెకన్లు నేలకు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. కళ్ళ కింద ఎర్ర చారలుంటే గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూదితో తుడవండి. తెల్ల బొచ్చు మీద అవే ముందు కనపడతాయి.

పెన్నగట్టు: ఇంత కష్టమెందుకు? దీన్ని హై కీ అంటారు. తెలుపు కాలిపోయినా, అంటే వివరం లేకుండా ఒట్టి తెల్లగా మిగిలినా, తప్పులేదు.

బురుజు_కర్నూలు: ఉంది. హై కీ అంటే నీడలు తేలిక చేయడం, బొచ్చు వివరం పోగొట్టడం కాదు. వెలుగు 255కి, అంటే పూర్తి తెలుపుకి, చేరిన చోట సమాచారమే ఉండదు. ఎడిటింగ్‌లో తగ్గిస్తే చదునైన బూడిద మచ్చ మిగులుతుంది. దుప్పటి కాలినా పర్వాలేదు, రొమ్ము బొచ్చు కాలకూడదు.

పెన్నగట్టు: నల్ల కడప బండ మీద కూర్చోబెడితే గొడవే లేదు.

బురుజు_కర్నూలు: అడిగింది తెలుపు మీద తెలుపు.

క్లాక్‌టవర్_అనంత: చెప్పలేదు కదా, ఫోనే. పైన ఎల్‌ఈడీ వెలుగుతాంది. పోర్ట్రెయిట్ మోడ్.

బురుజు_కర్నూలు: అదీ అసలు సంగతి! పోర్ట్రెయిట్ తీసెయ్, అది వెనకదాన్ని మసక చేసే మోడ్. తెలుపు మీద తెల్ల బొచ్చు ఎక్కడ ఆగుతుందో ఫోనుకు తెలియక చెవుల అంచులు కోసేస్తుంది. ఎల్‌ఈడీ ఆర్పు, కిటికీ వెలుతురుతో కలిస్తే ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం రావచ్చు. రొమ్ము మీద వేలు నొక్కి పట్టి లాక్ చెయ్యి. తర్వాత వెలుతురు గీతను కొద్దికొద్దిగా పైకి జరుపు, బొచ్చు పాయలు మాయమయ్యే ముందే ఆపు. ఫ్లాష్ వద్దు.

క్లాక్‌టవర్_అనంత: చార్టులు పెట్టినా, చెవుల అంచు కనపడతాంది. థాంక్స్ అన్నా.

గండికోట_22: తెల్ల కుందేలుకు కూడా ఇదేనా? ఎర్ర కళ్ళు మరీ మెరుస్తాండాయి.