మట్టి పర్మియబిలిటీని 27 నుంచి 20 డిగ్రీలకు మార్చడంలో సందేహం

అందరికీ నమస్కారం. చెరువు కట్టకు వాడే మట్టి పర్మియబిలిటీ, అంటే దాని గుండా నీరు ఎంత తేలిగ్గా పారుతుందో తెలుసుకోవడానికి ఫాలింగ్ హెడ్ టెస్ట్ (గొట్టంలో నీటి మట్టం పడిపోయే వేగాన్ని కొలిచే పరీక్ష) చేశాను. ఎండల వల్ల ల్యాబ్‌లో నీళ్లే 32 డిగ్రీలున్నాయి. వచ్చిన విలువ సెకనుకు 4.6 × 10⁻⁵ సెం.మీ. మట్టి పరీక్షలకు మన భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2720 పద్ధతిలో 27 డిగ్రీలకు మార్చి రిపోర్టు ఇచ్చేశాను. ఇప్పుడేమో డిజైన్ వాళ్లు ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) పద్ధతి ప్రకారం 20 డిగ్రీల విలువ కావాలంటున్నారు.

నీటి విస్కాసిటీ (చిక్కదనం) 20 దగ్గర 1.002, 27 దగ్గర 0.851, 32 దగ్గర 0.765 మిల్లీపాస్కల్ సెకన్లు. కాబట్టి 4.6ను 0.765/0.851తో గుణిస్తే 4.135 వచ్చింది. దాన్ని మళ్లీ 0.851/1.002తో గుణిస్తే 3.51. నేరుగా 32 నుంచి 20కి మార్చినా అంతే వస్తోంది. మా సీనియర్ మాత్రం నిష్పత్తి తిరగేశావంటున్నారు. చల్లటి నీళ్లు చిక్కగా ఉంటాయి కదా, విలువ తగ్గాలి కదండీ?

ఇంకొకటి, నీటి సాంద్రతలో తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలా? అది అర శాతం కూడా లేదు, నేనైతే వదిలేశాను. అసలు తలనొప్పి పాత రిపోర్టులతో. వాటిలో ఏ ఉష్ణోగ్రతకు మార్చారో రాయలేదు, అలాంటివాటిని మీరెలా వాడుకుంటారు?